అత్తయ్య ఆకువక్కల డబ్బా: థాయ్ లాకర్ సామాన్లు తొమ్మిదేళ్లు వాడాక

మావారి ఉద్యోగం మూలంగా మూడేళ్లు బ్యాంకాక్‌లో ఉన్నాం, 2016లో ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్లినప్పుడు లాకర్, అంటే లక్క లాంటి మెరిసే పూత వేసిన సామాన్లు మూడు కొన్నా. నలుపు మీద ఎర్ర గీతల గుండ్రటి మూత డబ్బా ఒకటి, బంగారు బొమ్మల పళ్లెం ఒకటి, కోడిగుడ్డు పెంకు అతికించినట్టుండే చిన్న ట్రే ఒకటి. షోకేసులో పెట్టలేదు, మూడూ రోజూ వాడా, కాబట్టి ఏది నిలబడిందో ఏది పోయిందో చెప్పగలను.

ముందు ఒక డౌట్ తీర్చేస్తా. లక్క అనగానే మనకి ఏటికొప్పాక బొమ్మలే గుర్తొస్తాయి కదా, ఇది ఆ లక్క కాదు. మనది పురుగుల నుంచి వచ్చేది, వేడికి కరుగుతుంది, అందుకే తిరిగే అంకుడు కర్రకి ఆనిస్తే రంగు పట్టేస్తుంది. థాయ్ వాళ్లది చెట్టు పాలు, రక్ అంటారు, ఆ చెట్టు మామిడి, జీడి కుటుంబమే. పచ్చి పాలు చేతికి తగిలితే దద్దుర్లే, పూర్వం బట్టలకి చాకలి గుర్తులు పెట్టేవాళ్లే, ఆ నల్లజీడి రసం, అచ్చం దాని లాగే. గట్టిపడ్డాక మాత్రం ఏ బాధా లేదు, నీళ్లకీ వేడికీ బాగా తట్టుకుంటుంది. తమాషా ఏంటంటే ఇది ఎండలో పెడితే ఆరదంట, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది, మనం వడియాలు పెట్టేదానికి పూర్తి రివర్స్.

ఇక డబ్బా. దీన్ని ఖ్రువాంగ్ ఖోన్ అంటారు, ఖోన్ వాళ్ల సామాను అని. వాళ్లు ఇప్పటి బర్మాలోని చియాంగ్ తుంగ్ వైపు నుంచి వచ్చినవాళ్లు, యుద్ధాలతో ఖాళీ అయిపోయిన చియాంగ్ మాయ్‌ని 1796 తర్వాత కావిల రాజు మళ్లీ నిలబెట్టినప్పుడు తెచ్చి పెట్టుకున్న జనం. నంతారాం పేటలో ఇప్పటికీ ఈ పని చేసేవాళ్లున్నారు, నేను కొన్నదీ అక్కడే. లోపల చెక్క ఉండదు, సన్నటి వెదురు బద్దల అల్లిక, దాని మీద బూడిద కలిపిన రక్ పాలతో మెత్తి సందులు పూడ్చి, నున్నగా రుద్ది, పూత మీద పూత వేస్తారు, ఒక్కో పూతకి రోజులు ఆగాలి. తర్వాత ఇనుప మొనతో గీతలు గీకి వాటిలో ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం కలిపిన లాకర్ నింపి పైపైది రుద్దేస్తే, గీతల్లో మాత్రమే ఎరుపు మిగులుతుంది. రంగు పైన లేదు, లోపల ఉంది, మొత్తం కిటుకు అదే.

అందుకే తొమ్మిదేళ్లైనా డిజైన్ చెక్కు చెదరలేదు. దీన్ని అత్తయ్య మొదటి రోజే లాగేసుకుని ఆకు, వక్క, సున్నం పెట్టుకోవడం మొదలెట్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది కానీ తర్వాత తెలిసింది, అక్కడ పాతకాలంలో ఇలాంటి డబ్బాలు చేసిందే తాంబూలం కోసం అని! మూత మీద సున్నం ఎండిపోతే గోరుతో గీకుతారు, ఏమీ కాలేదు. ఆవిడ బొటనవేలు పడే చోట మాత్రం నలుపు కొంచెం అరిగి కింద ముదురు గోధుమ రంగు కనిపిస్తోంది, నాకైతే అదే అందంగా ఉంది. రెండుసార్లు కింద పడింది, వెదురు కదా, టక్ మని శబ్దం చేసి దొర్లింది అంతే. మైనస్ ఏంటంటే మొదటి రెండు నెలలు ఒకలాంటి ఘాటు వాసన, అప్పట్లో తమలపాకులకి కూడా పట్టేది.

బంగారు పళ్లెం కథ వేరు. ఈ పనిని లై రోత్ నామ్ అంటారు, అంటే నీళ్లు పోసి తేల్చిన డిజైన్. నల్ల పూత మీద బంగారం అక్కర్లేని చోటంతా హరిదళం అనే ఖనిజం కలిపిన పసుపు రంగు పూస్తారు, అందులో వేసే బంక వెలగ చెట్టుది, కలిపే నీళ్లు శీకాయ నానబెట్టినవి! వినాయక చవితికి తప్ప గుర్తురాని వెలగ, తలకి రుద్దుకునే శీకాయ అక్కడ బంగారు పనిలోకి వచ్చాయని విని నోరెళ్లబెట్టా. ఆ తర్వాత పల్చగా లాకర్ రాసి తుడిచి, జిగురుగా ఉండగానే బంగారు రేకు పరుస్తారు, మర్నాడు నీళ్లతో కడిగితే పసుపు రంగు కరిగి తన మీది రేకుని తీసుకుపోతుంది, మిగిలిందే బొమ్మ. బ్యాంకాక్‌లో సువాన్ పక్కాద్ ప్యాలెస్‌లో ఓ మండపం లోపలి గోడలంతా ఇదే పని, బుద్ధుడి కథ, వాళ్ల రామాయణం, చూస్తూ నిలబడితే మెడ నొప్పి పుట్టింది.

కానీ వాడకానికి ఇది పనికిరాదు, ముక్కుసూటిగా చెప్తున్నా. రేకు పైనే ఉంటుంది. మా పనమ్మాయి ఒక రోజు స్టీలు పీచుతో తోమింది, ఒక్క దెబ్బకి దాని మీది కిన్నెర (సగం మనిషి, సగం పక్షి) బొమ్మ మొహం పోయింది, రెక్కలు మాత్రం ఉన్నాయి. తప్పు ఆమెది కాదులెండి, పళ్లెం సింకులో వేసిన నాది. ఇప్పుడు గోడకి తగిలించా, అది కూడా ఎండ పడని గోడకి, ఎండకి లాకర్ మెరుపు చచ్చిపోతుంది.

మూడోది శుద్ధ మోసం. టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపులో కొన్నా, నిజమైన గుడ్డుపెంకు పని అన్నారు. అసలు పనిలో పెంకు ముక్కలు ఒక్కోటీ తడి లాకర్‌లో అతికించి, పైన పూతలు వేసి అరగదీస్తారు. నా ట్రే మీద వేడి కాఫీ గ్లాసు పెట్టి తీస్తే రంగు చర్మంలా ఊడొచ్చింది, కింద ప్రింటు కాగితం, దాని కింద రంపపు పొట్టు అట్ట. అసలైన లాకర్ కాఫీకి ఊడదు.

మొన్న మా ఆడపడుచు బ్యాంకాక్ వెళ్తూ ఏం తేవాలి వదినా అంది. నలుపు ఎరుపు డబ్బా తీసుకో, కొనేముందు మూత తీసి అంచు రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడు, లోపల వెదురుంటే కొంచెం వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది, రాయిలా ఉంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్ అన్నా. అత్తయ్య పక్కనే ఉండి, నాది మాత్రం అడగొద్దు అన్నారు.