శ్రీనాథుడు తిట్టిన దారిలో కమ్మటి రొట్టె, మోసపు లాడ్జి

పల్నాడు మీదుగా కారులో వెళ్ళి నరసరావుపేటలో రాత్రి బస పెట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి. మమ్మల్ని రోడ్డు ఏ ఇబ్బందీ పెట్టలేదు. పెట్టిందంతా లాడ్జివాళ్ళే.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ దాకా హాయిగా సాగిపోయింది. కృష్ణ దాటి మాచర్ల దారి పట్టగానే నాన్న గొంతు సవరించుకుని, పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యం అందుకున్నారు. రాళ్ళు, నాగులేటి నీళ్ళు, జొన్నకూడు, పాములు, తేళ్ళు అన్నీ అందులో వరసగా వస్తాయి. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా సన్నన్నం తిన్న మనిషికి ఈ దారి కష్టంగానే ఉండుంటుంది. నాపరాళ్ళు మాత్రం ఆయన చెప్పినట్టే ఉన్నాయి. పొలాలకు కంచెగా పలకలు నిలబెట్టారు, ఇంటి అరుగులూ అవే.

జొన్న విషయంలో మాత్రం నేను శ్రీనాథుడి మాట ఒప్పుకోను. కారంపూడి దాటాక రోడ్డు పక్క రేకుల పాకలో ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది. వేడినీళ్ళతో కలిపిన పిండిని అరచేత్తో తడుతూ, అంచు పగిలినచోట తడివేలితో అతికి, పెనం మీద వేశాక పైన నీళ్ళు రాసింది. రొట్టె పాతిక రూపాయలు, పండుమిర్చి పచ్చడి ఊరికే. "ఇంకోటి తిను నాయనా, పలచగా చేశాను" అని మావాడికి తనే వడ్డించింది. ఇంట్లో రొట్టె ముట్టనివాడు మూడు తిన్నాడు. నలుగురికీ కలిపి 250 రూపాయలయింది.

అక్కణ్ణుంచి దారంతా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకి పోయే బళ్ళే. ఘాటుకి తుమ్ములు ఆగవు, అద్దాలు ఎత్తుకోండి.

ఇక లాడ్జి. ఫోన్లో ఏసీ గది 1,800 అన్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, వెస్టర్న్ టాయిలెట్ తప్పనిసరి అని రెండుసార్లు చెప్తే, "ఉంది సార్, రండి" అన్నారు. తీరా వెళ్తే ముహూర్తాల రోజులని 2,400 చేశారు. ఇచ్చిన గదిలో ఇండియన్ టాయిలెట్. మార్చమంటే కౌంటర్లో కుర్రాడు సెల్‌లోంచి తల ఎత్తలేదు. పరుపుకి 400 వేరే, గీజర్ పనిచెయ్యదు, డబ్బులు చేతికే ఇవ్వాలి, బిల్లు లేదు. ఇరవై నాలుగు గంటలని చెప్పి, పొద్దున్న ఎనిమిదికే ఖాళీ చెయ్యమని తలుపు బాదారు. నాన్న రాత్రంతా నీళ్ళు కూడా తాగకుండా పడుకున్నారని మా ఆవిడ పొద్దున చెప్పింది. డబ్బు పోతే పోయింది, ఆ మాట విన్నాక నాకు కోపం ఆగలేదు.

1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయో, ఏ సరుకులు దొరుకుతాయో, దారి ఎలాంటిదో ఓపిగ్గా రాసిపెట్టాడు. వెనక వచ్చేవాళ్ళకి కావలసింది అదే. అందుకే నేనూ ఈ లెక్కలన్నీ రాస్తున్నాను. పెద్దవాళ్ళు వెంట ఉంటే గది కళ్ళారా చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఓపికుంటే ఇంకో గంట నడిపి గుంటూరు చేరుకోండి.

మర్నాడు కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి నాన్న ముఖం తేటపడింది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి కథ మావాడికి మొదలుపెట్టారు. ఆ రెడ్ల కోట దాకా మోకాళ్ళకి శ్రమ లేకుండా కారే వెళ్తుంది. పైన చెరువుల దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఎండెక్కకముందే వెళ్ళండి, నీళ్ళూ టిఫినూ కట్టుకెళ్ళండి, దిగేటప్పుడు గేరు తగ్గించుకుని నెమ్మదిగా రండి. మలుపులు గట్టివి.