డ్రాపౌట్‌ని ముందే పసిగట్టే మోడల్: నాలుగు సెమిస్టర్లు వాడాక

బెంగళూరులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగు సెమిస్టర్లుగా నడుస్తున్న సెటప్ ఇది. చదువు మధ్యలో మానేసేలా ఉన్న పిల్లల్ని డేటా చూసి ముందే గుర్తించడం దీని పని. కావలసినవి: పైథాన్, అందులో మోడళ్లు తయారుచేసే లైబ్రరీలు సైకిట్-లెర్న్, ఎక్స్‌జీబూస్ట్, మామూలు ల్యాప్‌టాప్. మోడల్‌కి వంక పెట్టలేం. తిప్పలన్నీ మన డేటాతోనే.

చేయి తిరగడానికి యూసీఐ రిపాజిటరీ అనే ఆన్‌లైన్ డేటా నిల్వలో పోర్చుగల్‌ పోర్టలెగ్రె పాలిటెక్నిక్ డేటా ఉచితంగా దొరుకుతుంది: 4,424 మంది, 36 అంశాలు. అందులో రెండో సెమిస్టర్ ఫలితాలూ ఉంటాయి. అవి కలిపితే స్కోరు మెరిసిపోతుంది. కానీ ఆ ఫలితాలు వచ్చేసరికి మానేసేవాళ్లలో చాలామంది మానేసే ఉంటారు. అందుకే కటాఫ్ ఆరో వారం పెట్టాం. హాజరు, మొదటి ఇంటర్నల్, ఫీజు బకాయి... ఆ తేదీకి చేతిలో ఉన్నవే లోపలికి వెళ్లాలి.

అసలు తంటా లేబుల్‌ది, అంటే ఎవరు మానేశారు, ఎవరు మానేయలేదు అన్న గుర్తుది. బ్రాంచి మారినప్పుడు యూఎస్‌ఎన్ (విద్యార్థి నంబరు) మారితే, పాత నంబరు మానేసినట్టే కనిపిస్తుంది. ఇయర్ బ్యాక్ పడి అదే ఏడాది మళ్లీ చదివేవాళ్లదీ అదే కథ. ఈ రెండూ చేత్తో సరిచూడకపోతే మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇంకోటి: మేనేజ్‌మెంట్ కోటాలో చాలామందికి సీఈటీ (ప్రవేశ పరీక్ష) ర్యాంకు గడి ఖాళీ. దాన్ని సగటుతో నింపొద్దు, ఖాళీ అన్నదే ఒక సమాచారం. ఎక్స్‌జీబూస్ట్ ఖాళీని ఖాళీగానే తీసుకుంటుంది.

యాక్యురసీని, అంటే మొత్తమ్మీద ఎంత శాతం సరిగ్గా చెప్పిందన్న అంకెని, నమ్మకండి. వెయ్యి మందిలో 80 మంది మానేస్తారనుకుంటే, ‘ఎవరూ మానేయరు’ అనే మోడల్‌కీ 92 శాతం వస్తుంది. స్మోట్ (తక్కువగా ఉన్న ‘మానేసినవాళ్ల’ వరుసల్ని కృత్రిమంగా పెంచే పద్ధతి) వాడితే ట్రైనింగ్ భాగానికే వాడాలి. డేటాని ట్రైనింగ్, టెస్టు భాగాలుగా విడగొట్టకముందే వాడితే టెస్టు ఫలితం ఉత్తుత్తిదే. మాకు క్లాస్ వెయిట్లే (మానేసినవాళ్ల వరుసలకి ఎక్కువ బరువివ్వడం) సరిపోయాయి. టెస్టుకి చివరి బ్యాచ్‌ని పూర్తిగా పక్కన పెట్టండి, కలగాపులగంగా విడగొట్టొద్దు. ఎవరితో మాట్లాడాలో తేల్చే హద్దు, అంటే మోడల్ చెప్పే మానేసే సంభావ్యత, 0.5 అని రాసిపెట్టి లేదు. ముగ్గురు కౌన్సెలర్లు వారానికి తలా 12 మందితో మాట్లాడగలిగితే, జాబితాలో పైనున్న 36 మందే హద్దు.

జనవరిలో తమాషా చూడాలి. సంక్రాంతికి అనంతపురం, కర్నూలు వెళ్లిన పిల్లలంతా ఒక్కసారిగా ఎర్రజాబితాలోకి ఎక్కేస్తారు. వారం హాజరు బదులు నాలుగు వారాల సగటు పెట్టాక ఆ గోల చాలావరకు తగ్గింది. ఫోన్ చేసేటప్పుడు కూడా ‘కంప్యూటర్ చెప్పింది’ అనకూడదు. ‘అమ్మా, బాబు రెండు వారాలుగా క్లాసుకి రావట్లేదు, ఒంట్లో బాగానే ఉందా?’ అంటే చాలు. ఫీజు సంగతి వాళ్లే ఎత్తుతారు.

మోడల్‌ని ఏటా కొత్త డేటాతో రీట్రైన్ చేసేవాళ్లు ఒక కాలమ్ తప్పక పెట్టుకోవాలి: ‘మాట్లాడామా, లేదా?’ అది లేకపోతే, మాట్లాడి నిలబెట్టిన పిల్లలంతా డేటాలో ‘మానేయలేదు’ అనే పడతారు. ఫీజు బకాయి, తక్కువ హాజరు పెద్ద ప్రమాదమేమీ కాదని మరుసటేడు మోడల్ నేర్చుకుంటుంది.