నది గట్టా, కాలువ గట్టా: మా పడవకు చోటు వెతికిన ఏడాది

పడవ కొనడం నెల రోజుల్లో అయిపోయింది. దాన్ని ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికి ఏడాది పట్టింది.

మేం కొన్నది సెలవుల్లో తిరగడానికి నారోబోటు అనే ఒక పాత, ఇరుకైన ఉక్కు పడవ. పొడవు 50 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు మధ్యభాగంలో తవ్విన కాలువల మీద లాకులు సుమారు ఏడడుగుల వెడల్పుతో కట్టారు. ఈనాటి పడవ కూడా ఆ కొలతకు ఒదగాల్సిందే. లాకు అంటే ఏమిటో గోదావరి డెల్టా కాలువలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. చూడనివారి కోసం, పడవను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది అది. ఇక్కడ మాత్రం కాలువల మీద చాలా లాకుల్లో తలుపులు తెరిచి మూసే పని పడవవాళ్లదే.

పడవ కట్టుకునే చోటును ఇక్కడ మూరింగ్ అంటారు. ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలనూ నదులనూ 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూసుకుంటోంది. వారి లైసెన్సు కావాలంటే పడవకు సొంత మూరింగ్ ఉండాలి. లేదంటే ఒకే చోట 14 రోజులకు మించి నిలవకుండా ఏడాది పొడవునా తిరుగుతూ ఉండాలి. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం కాబట్టి రెండోది మాకు కుదరదు. విహారానికి ఇచ్చే మూరింగ్‌లో కాపురం ఉండకూడదు. వారాంతాలు, సెలవులు గడపవచ్చు. అంటే ఏడాదిలో అరవై రోజులు మేం పడవలో ఉన్నా, మిగతా మూడు వందల రోజులూ అది ఒంటరిగానే ఉంటుంది. ఈ లెక్క మొదట్లోనే వేసుకుని ఉంటే మా వెతుకులాట సగం తగ్గేది. మేమేమో ప్రతి చోటునూ ఎండ కాసే శనివారం పూట వెళ్లి చూశాం.

పడవ అమ్మినవారే ఆ ఏడాదికి ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద తమ యార్డులో చోటిచ్చారు. అక్కడి నుంచి మొదట థేమ్స్ నదికే వెళ్లాం. ఆక్స్‌ఫర్డ్‌కు ఎగువన డ్యూక్స్ కట్ అనే పొట్టి కాలువ ఉంది. అది దాటితే పడవ నేరుగా నదిలోకి వచ్చేస్తుంది. ఆ మలుపు తిరిగినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేదు. అంతవరకూ రెండు గట్ల మధ్య ఇరుకుగా వచ్చిన పడవకు ఒక్కసారిగా చోటు దొరికింది. అడుగున నీళ్ల లోతు పెరగగానే ఇంజిను మోత కూడా తగ్గింది. ఇరువైపులా పచ్చిక బయళ్లు, నీటి మీదికి వంగిన విల్లో చెట్లు, పైన విశాలమైన ఆకాశం. మా వారు చుక్కాని పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

ఐన్‌షామ్ దాటాక ఒక రైతు పొలం గట్టున మూరింగ్ ఖాళీగా ఉందని తెలిసి, దగ్గర్లోనే మూడు రోజులు ఉండి చూద్దామనుకున్నాం. గట్టున రాకపోకలు లేవు, రాత్రి దీపాలు లేవు. పక్క పడవ కనుచూపు మేరలో లేదు. ఆటుపోట్లు తగలని థేమ్స్ మీద 44 లాకులున్నాయి. వేసవిలో చాలా లాకుల దగ్గర కీపర్లు ఉండి, మన తాడు అందుకుని సాయం చేస్తారు. కాలువ మీద అలాంటి మనిషి దొరకడం అరుదు. తీసుకుందాం, ఇక వెతకొద్దు అని నేనే అన్నాను.

మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి వంటగదిలోకి వెళ్లాను. రాత్రి బల్ల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు ఏటవాలుగా కనిపించాయి, ఒక పక్క అంచుకు దగ్గరగా, రెండో పక్క అరంగుళం కిందికి. నీళ్లెప్పుడూ సమంగానే ఉంటాయి కదా, మరి వాలింది పడవే అని అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టింది. మేమున్న చోట చినుకు పడలేదు. పైన కాట్స్‌వోల్డ్ కొండల్లో రెండు రోజులుగా కురిసిన వాన రాత్రికి రాత్రి మా దగ్గరికి చేరింది. నీళ్లు పైకి లేస్తున్నాయి. గట్టుకు బిగించి కట్టిన తాళ్లు పడవను లేవనివ్వకుండా ఆ పక్కన కిందికి లాగుతున్నాయి.

మా వారిని లేపాను. ఆయన ముడి విప్పబోతే అది రాయిలా బిగుసుకుని ఉంది. చివరకు ఇంజిను వేసి, పడవను ప్రవాహానికి ఎదురుగా కొద్దిగా ముందుకు నడిపితే తాడు వదులైంది, అప్పుడు గానీ ముడి రాలేదు. తాడును గట్టు మీద మేకు చుట్టూ తిప్పి, కొసను మళ్లీ పడవకే తెచ్చి కట్టుకోవాలట. అలా కడితే ఎంత బరువు పడినా పడవ మీద నిలబడే వదులు చేసుకోవచ్చు. ఈ మాట మాకు ముందెవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పొద్దున లాకు దగ్గర పసుపు బోర్డు పెట్టారు, ప్రవాహం పెరుగుతోందని దాని అర్థం. మధ్యాహ్నానికి ఎర్ర బోర్డు వచ్చింది. ఎర్ర బోర్డు ఉన్నప్పుడు నదిలోకి దిగవద్దన్నది అధికారుల సలహా, మాట వినకుండా దిగితే బీమా కూడా చిక్కులో పడవచ్చు. సోమవారం ఉద్యోగాలకు వెళ్లాలి. పడవను అక్కడే వదిలి బస్సెక్కాం. తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. థేమ్స్ నీటిమట్టాలు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ఆ తొమ్మిది రాత్రులూ నేను ఫోను చూస్తూనే గడిపాను. నీళ్లు పెరిగేటప్పటి భయం ఒకటైతే, తగ్గేటప్పటిది ఇంకో భయం. గట్టు మునిగినప్పుడు పడవ దాని మీదికి జరిగితే, నీళ్లు తీశాక అక్కడే ఒరిగిపోతుంది. లాకు కీపరు ముందే ఆ ముప్పు చెప్పి, పడవకూ గట్టుకూ మధ్య రెండు పొడవాటి వాసాలు అడ్డం పెట్టించాడు. ఆయన మేలు మరువలేను.

కాలువ సంగతికి వస్తే, ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద త్రప్ అనే చిన్న ఊళ్లో వారం రోజులున్నాం. ఊరి కొసన కాలువ దాదాపు లంబకోణంలో మలుపు తిరుగుతుంది, అక్కడే ఎత్తుడు వంతెన ఒకటి ఉంది. మొదటి రోజు నేను చూసింది అవతలి గట్టు ఇటుకల మీది నీటి గీత. ఒకే గీత, బెత్తెడు మందాన నాచు, దాని పైన పొడి ఇటుక. ఆ ఇటుకలు ఎన్నేళ్లుగా ఉన్నాయో గానీ, నీళ్లు అంతకు మించి పెద్దగా లేచిన గుర్తే లేదు. రెండు లాకుల మధ్య కాలువలో ఎక్కువైన నీళ్లు మత్తడి మీదుగా పక్కకు పోతాయి కాబట్టి మట్టం అంగుళాల్లోనే మారుతుంది. ఆ వారంలో నేను ఒక్కసారి కూడా రాత్రి లేవలేదు.

అయితే కాలువకూ దాని బాధలున్నాయి. వేగం గంటకు 4 మైళ్లు మించకూడదనేది నియమం, కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి. కానీ కొందరు పోరు. పెద్ద పడవ వేగంగా పోతే ముందు మన కింది నీళ్లు లాగేసుకుని, ఆపైన ఒక్కసారిగా తోసేస్తుంది. మెత్తటి నేలలో దిగగొట్టిన మేకులు రెండు మూడుసార్లు అలా ఊగితే ఊడి వచ్చేస్తాయి. ఇనుప పలకలతో కట్టిన గట్టయితే దానికి తగిలించే కొక్కేలు వేరే ఉంటాయి, అవి ఊడవు. కాలిబాట వైపు కడితే సైకిళ్లు, కుక్కలు, కిటికీలోంచి తొంగిచూసే మొహాలు. ఒండ్రు పేరుకున్న చోట పడవ గట్టు దాకా రానే రాదు. శీతాకాలంలో నీళ్లు గడ్డకడతాయి. నవంబరు నుంచి మార్చి దాకా మరమ్మతుల కోసం లాకులు వంతులవారీగా మూస్తారు. వేసవిలో వానల్లేకపోతే కాలువలకు నీళ్లిచ్చే జలాశయాలు అడుగంటుతాయి. 2025లో లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలో చాలా భాగం అలాగే మూతపడింది. గండి భయమూ లేకపోలేదు. 2018 మార్చిలో మిడిల్‌విచ్ దగ్గర గండి పడినప్పుడు నీళ్లన్నీ పోయి పడవలు బురదలో కూర్చున్నాయి. అయినా అవన్నీ ఎప్పుడో వచ్చేవి, నది వరద ప్రతి చలికాలం వచ్చేది.

త్రప్‌లో మరో చిత్రం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా కాసేపు పోతే షిప్టన్ వియర్ లాకు వస్తుంది. అది మామూలు లాకులా పొడవుగా ఉండదు, ఆరు పలకలతో వెడల్పుగా ఉంటుంది. దాని దిగుడు తక్కువ. కింది లాకులకు చాలినన్ని నీళ్లు ప్రతి విడతలో దిగాలంటే వెడల్పు పెంచక తప్పలేదు. ఆ లాకు పైన సుమారు మైలు దూరం కాలువా, చార్వెల్ నదీ ఒకటే. చార్వెల్‌కు వరదొస్తే ఉత్తరానికి దారి లేదు. థేమ్స్‌కు ఎర్ర బోర్డు పడితే పడమటికి దారి లేదు. పడవ మాత్రం ఆ రెండింటి మధ్యా క్షేమంగా ఉంటుంది. ప్రయాణం ఆగడం వేరు, పడవకు ప్రమాదం రావడం వేరు అని నాకు స్పష్టంగా తెలిసింది ఇక్కడే.

ఆగస్టులో పడవ లేకుండా కారులో వెళ్లి ఏవన్ నది చూశాం. స్ట్రాట్‌ఫర్డ్‌లో కాలువ వచ్చి బ్యాంక్రాఫ్ట్ బేసిన్ అనే పడవల కొలనులో ఆగుతుంది, ఒక్క లాకు దిగితే నది. 1964లో ఈ కాలువ దక్షిణ భాగాన్నీ, 1974లో ఎగువ ఏవన్‌నూ బాగుచేసి మళ్లీ పడవలకు తెరిచారు. ఆ పనిలో స్వచ్ఛందంగా చేతులు కలిపినవారి శ్రమ చాలా ఉంది. బేసిన్ అందంగా ఉంది గానీ పొద్దుపోయేదాకా జనమే, నిద్ర దొరకదు. ఒకటి రెండు రాత్రులు ఆగడానికి సరే.

దిగువన ట్యూక్స్‌బరీ వైపు ఒక మెరీనా, అంటే పడవలు నిలిపే రేవు, చూశాం. కరెంటు, నీళ్లు, డీజిలు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే యంత్రం, కారుకు చోటు అన్నీ ఉన్నాయి. మాకు చెప్పిన ధర మాత్రం కాలువ గట్టు ధరకు దాదాపు రెట్టింపు. అక్కడ పడవలు నీటి మీద తేలే పాంటూన్లకు కడతారు. పాంటూన్లు నిలువుగా పాతిన ఉక్కు స్తంభాల వెంట పైకీ కిందికీ జారతాయి కాబట్టి తాడు వదులు చేసే పని లేదు. మా వారికి అది బాగా నచ్చింది. నేను మాత్రం ఆ స్తంభాల ఎత్తే చూశాను. నా తలకు మించి పైదాకా వాటి మీద బురద చారలు ఒకదాని పైన ఒకటి ఎండి ఉన్నాయి. నీళ్లు అంత ఎత్తుకు వస్తే పడవ తేలుతుంది, సరే. పాంటూన్ దాకా వచ్చే దారి, కారు నిలిపే చోటు మునుగుతాయి. 2007 జూలై వరదల్లో ట్యూక్స్‌బరీ ఊరు దీవిలా మిగిలింది. పడవ క్షేమంగా ఉన్నా దాని దగ్గరికి మనం చేరలేం.

కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ గురించి కొంచెమే చెబుతాను. 1990లో మళ్లీ తెరుచుకున్న ఈ దారి, డివైజెస్ దగ్గర 29 లాకుల కేన్ హిల్ మెట్లు, బాత్ పట్టణం చూసి తీరాల్సినవి. న్యూబరీ నుంచి రెడింగ్ దాకా మాత్రం కాసేపు కాలువ, కాసేపు నది. పేరు కాలువే కదా అని ధైర్యంగా పడవ కట్టేసి వెళ్తే, వాన పడ్డాక అది నది అయి కూర్చుంటుంది. అక్కడ మూరింగ్ చూసేవారు ఆ చోటు నది ముక్కలో ఉందా, తవ్విన ముక్కలో ఉందా అని అడగాలి.

చివరికి త్రప్‌కు కొంచెం దిగువన, కాలిబాట లేని అవతలి గట్టున చోటు తీసుకున్నాం. కరెంటు లేదు, పైకప్పు మీద సౌర పలకలు పెట్టించాం. నీళ్ల కొళాయి దగ్గర్లో లేదు, పది పదిహేను రోజులకోసారి పడవనే నడుపుకుంటూ వెళ్లి ట్యాంకు నింపుకోవాలి. మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసే పనీ అప్పుడే. ఈ అసౌకర్యాలు చెప్పకుండా దాస్తే చదివేవారికి అన్యాయం చేసినట్టే. అయితే గట్టు వైపు నుంచి బయటివారు రాలేరు, పక్క పడవ పెద్దాయన ఏడాది పొడవునా వారానికోసారి అందరి తాళ్లూ చూసి వెళ్తాడు. అక్కడి నుంచి డ్యూక్స్ కట్ రెండు మూడు గంటల దారి. పసుపు బోర్డూ ఎర్ర బోర్డూ లేని రోజున పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనం నదిలోనే.

రెండు చోట్లా తిరగడానికి వీలిచ్చే గోల్డ్ లైసెన్సు ఈ ఏడాది తీసుకున్నాం. పడవ ముందు భాగంలో లంగరు పెట్టించాం, గొలుసూ తాడూ కలిపి నది లోతుకు నాలుగైదు రెట్లు. కాలువలో దానితో పనిలేదు. నదిలో ఇంజిను ఆగిపోతే మత్తడి వైపు కొట్టుకుపోకుండా పడవను ఆపేది అదొక్కటే. మే నెలలో లెచ్‌లేడ్ దాకా, థేమ్స్ మీద అన్నిటికంటే ఎగువన ఉన్న సెయింట్ జాన్స్ లాకు దాకా వెళ్లాలని ఉంది. ఐన్‌షామ్ పైన ఆ పొలం గట్టున ఒక రాత్రి ఆగుతాం, ఈసారి తాడు కొస పడవ మీదే పెట్టుకుని.