వైకింగుల ముద్ర ఎక్కడ గట్టిగా పడింది: ఐస్‌ల్యాండ్, నార్మండీ, ఇంగ్లండ్?

వైకింగులు, అంటే నార్వే, డెన్మార్క్ వైపు నుంచి పడవల్లో వచ్చినవాళ్లు, అనగానే 793లో ఇంగ్లండ్ తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకోవడమే గుర్తొస్తుంది. దోచుకున్నవాళ్లు పడవెక్కి వెళ్లిపోయారు. తర్వాత వచ్చి కాపురాలు పెట్టినవాళ్లు ఏం మిగిల్చారో చూడాలి.

అచ్చంగా నిలిచింది ఎక్కడంటే ఐస్‌ల్యాండ్‌లోనే. 870ల నుంచి నార్వే వాళ్లు అక్కడ స్థిరపడ్డారు. 930లో ఆల్‌థింగ్ అనే సభ పెట్టుకున్నారు. ఇవాళ్టి పార్లమెంటుకూ అదే పేరు. పదమూడో శతాబ్దం కథల్ని అక్కడివాళ్లు ఇప్పటికీ పెద్దగా కష్టపడకుండా చదువుకుంటారు. కానీ అది దాదాపు మనుషుల్లేని దీవి. ఖాళీ జాగాలో ఇల్లు కట్టుకున్నవాడు తన భాషే మాట్లాడతాడు కదా!

ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ కథ దీనికి పూర్తిగా తలకిందులు. 911లో ఫ్రాన్స్ రాజు మూడో చార్లెస్, మిగతా వైకింగుల్ని ఆపుతాడని వాళ్ల నాయకుల్లో ఒకడైన రొల్లోకి సెన్ నది దిగువ భూమి ఇచ్చాడు. కొన్ని తరాలకే వాళ్లు ఫ్రెంచివాళ్లయిపోయారు. ఈవ్‌తో, బోల్బెక్ లాంటి ఊరిపేర్లు మిగిలాయి. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం రొల్లో వంశంవాడే, మాట్లాడింది మాత్రం ఫ్రెంచి.

నా ఓటు ఇంగ్లండ్‌కే. అక్కడికీ కత్తి పట్టుకునే వచ్చారు: 865లో పెద్ద సైన్యం దిగింది, మరుసటి ఏడాది యార్క్ పడిపోయింది. అయితే 876లో ఆ సైనికులు భూములు పంచుకుని దున్నడం మొదలుపెట్టారని అప్పటి వార్షిక చరిత్ర చెబుతుంది. విట్బీ, గ్రిమ్స్‌బీ, డెర్బీ పేర్ల చివర ఉన్న 'బీ' అంటే వాళ్ల భాషలో ఊరు. రెండు భాషలూ దగ్గరి చుట్టాలే కాబట్టి సంతలో, పొలం గట్టున, పెళ్లిళ్లలో కలిసిపోయాయి. మనం బస్సులో విండో సీట్ కోసం పోటీపడతామే, ఆ 'విండో' వాళ్ల మాటే: గాలి కన్ను అని అర్థం. 'నైఫ్', 'స్కై' కూడా వాళ్లవే.

వీటన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది 'దే', 'దెమ్' కూడా వాళ్ల మాటలే కావడం. మనం ఇంగ్లీషు నుంచి వేల మాటలు తీసుకున్నాం, కానీ 'వాళ్లు' అనే మాట బదులు 'దే' అన్నామా? సర్వనామం దాకా వెళ్లిందంటే ఆ రెండు జనాలూ ఒకే ఇంట్లో బతికినట్టే.

1490లో ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్ ఒక సంగతి రాశాడు. గాలి లేక పడవ ఆగిపోతే, ఒక వ్యాపారి కెంట్ తీరంలో దిగి ఒక ఇంట్లో 'ఎగ్స్' కావాలని అడిగాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. తనకూ రాదని అతనికి కోపమొచ్చింది. చివరికి పక్కనున్నవాడు 'ఐరెన్' అంటే ఆమెకు అర్థమైంది. 'ఎగ్' వైకింగుల మాట, 'ఐరెన్' ఇంగ్లండ్ సొంత మాట. ఇవాళ కెంట్‌లో కూడా 'ఐరెన్' అంటే ఎవరికీ తెలియదు.