మానిటరింగ్ ఖాతాకు ఏది మేలు: మామూలు పాస్‌వర్డా, యాప్ పాస్‌వర్డా, ఓఆథా?

"మెయిల్ బాగానే వెళ్తోంది, వస్తోంది. మానిటర్ మాత్రం లాగిన్ ఫెయిల్ అంటోంది. ఓఆథ్‌కి మారితే ఈ గొడవ తీరుతుందా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మానిటర్ అంటే మెయిల్ సర్వర్‌లోకి తనంతట తానే లాగినై అది పనిచేస్తోందో లేదో చూసే ప్రోగ్రామ్. ఓఆథ్ అంటే పాస్‌వర్డ్ బదులు కొద్దిసేపే చెల్లే టోకెన్‌తో లాగినయ్యే పద్ధతి. దానికి మారితే కొందరికి తీరుతుంది, కొందరికి ముదురుతుంది. భద్రత సంగతి అందరూ చెప్పేదే. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: అర్ధరాత్రి లాగిన్ తెగితే, ఎక్కడ తెగిందో ఆ పద్ధతి చెబుతుందా, చెప్పదా?

మామూలు పాస్‌వర్డ్ ఈ విషయంలో మూగది. పాస్‌వర్డ్ తప్పినా, యూజర్ పేరులో డొమైన్ మరిచినా సర్వర్ చెప్పేది 535 (లాగిన్ కుదరలేదనే కోడ్) ఒక్కటే. 454 4.7.0 వస్తే మాత్రం పాస్‌వర్డ్ జోలికి పోకండి. అది తాత్కాలిక వైఫల్యం, వెనకున్న ఆథ్ (లాగిన్ సరిచూసే) సర్వీసో, ఖాతాల వివరాలుండే ఎల్‌డాప్ డైరెక్టరీయో పలకడం లేదేమో చూడండి. అయినా సొంతంగా నడిపే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ మెయిల్ సర్వర్‌కు నా ఓటు దీనికే, ఎందుకంటే లాగ్ మన చేతిలోనే ఉంటుంది. సర్వర్ మీద డవ్‌ఏడీఎమ్ ఆథ్ టెస్ట్ (doveadm auth test) కమాండు నడపండి. అది పాసైతే మానిటర్ వైపు చూడాలి. సొంత స్క్రిప్టయితే ముందు బేస్64 (పాస్‌వర్డ్‌ను పంపేముందు మామూలు అక్షరాల్లోకి మార్చే పద్ధతి) చూడండి: ఎకో కమాండుకు మైనస్ ఎన్ (-n) పెట్టకపోతే పాస్‌వర్డ్ చివర ఒక కొత్త లైన్ అక్షరం అతుక్కుంటుంది. కంటికి కనబడదు, సర్వర్ ఒప్పుకోదు.

తప్పు లాగిన్లు ఎక్కువైతే ఆ ఐపీని ఆపేసే ఫెయిల్2బ్యాన్ ఉన్నచోట ఇంకో తిరకాసు. డిఫాల్ట్‌గా 10 నిమిషాల్లో 5 తప్పులు పడితే 10 నిమిషాలు నిషేధం. నిమిషానికోసారి లాగినయ్యే మానిటర్ ఐదో తప్పుకే తన ఐపీని తానే బ్లాక్ చేయించుకుంటుంది. ఇక కనిపించేది 535 కాదు, కనెక్షన్ రిఫ్యూజ్డ్. "సర్వర్ డౌన్" అని అలర్ట్, కాసేపటికి మళ్లీ 535, మళ్లీ డౌన్. ఈ వరస కనబడితే సర్వర్ రీస్టార్ట్ చేయకండి. మానిటర్ ఐపీని ఫెయిల్2బ్యాన్ వదిలేసే ఐపీల జాబితా ఇగ్నోర్ఐపీలో చేర్చండి. నిమిషానికోసారి చేసే చెక్‌ను లాగిన్ లేకుండా 220 బ్యానర్ (సర్వర్ తొలి పలకరింపు), స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ మొదలు) వరకే ఉంచి, లాగిన్ చెక్‌ను ఐదు నిమిషాలకు మార్చండి.

యాప్ పాస్‌వర్డ్ అంటే ఒక ప్రోగ్రామ్ కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్, దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. జీమెయిల్‌లో 16 అక్షరాలు, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉంటేనే ఇస్తారు. ఖాతా అసలు పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారా, ఇది రద్దు. మానిటర్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా ఫెయిలవుతుంది. పోనీ అని అసలు పాస్‌వర్డ్ పెడితే 534 5.7.9, అంటే యాప్ పాస్‌వర్డే కావాలని.

మైక్రోసాఫ్ట్ మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఐమ్యాప్‌కు (మెయిల్ చదివే ప్రోటోకాల్) బేసిక్ ఆథ్ (ఉత్త పాస్‌వర్డ్ లాగిన్) ఆపేయడం 2022 అక్టోబరులోనే మొదలైంది. అక్కడ ఓఆథ్ తప్పదు, ఉండటమే మంచిది కూడా. టోకెన్ తెచ్చుకోవడం, దాంతో మెయిల్‌బాక్స్ తెరవడం రెండూ వేర్వేరు మెట్లు కాబట్టి తప్పు ఏ మెట్టు మీదో వెంటనే తెలుస్తుంది. టోకెన్ దగ్గరే 7000222 ఎర్రర్ వస్తే క్లయింట్ సీక్రెట్ (టోకెన్ కోసం మానిటర్ చూపే రహస్య కీ) గడువు తీరింది. 7000215 అయితే సీక్రెట్ తప్పు. చాలాసార్లు సీక్రెట్ వాల్యూ బదులు సీక్రెట్ ఐడీ అతికించి ఉంటారు. టోకెన్ వచ్చి ఐమ్యాప్ ఒప్పుకోకపోతే సర్వీస్ ప్రిన్సిపల్ (ఎక్స్ఛేంజ్‌లో ఆ యాప్ పేరిట ఉండే నమోదు) చూడండి. దానికి ఆబ్జెక్ట్ ఐడీ తీసుకోవాల్సింది ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్ పేజీలోంచి, యాప్ రిజిస్ట్రేషన్స్‌లోంచి కాదు. రెండు చోట్లా పేరు ఒకటే, ఐడీలు వేరు. అదీ సరే అనుకుంటే ఆ మెయిల్‌బాక్స్ మీద ఫుల్ యాక్సెస్ ఇచ్చారో లేదో చూడండి.

గంట, గంటన్నర బాగా నడిచి ఆగిపోయి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ నడిచే మానిటర్ పాత టోకెన్‌నే పట్టుకు కూర్చుందన్నమాట. టోకెన్ ఆయుష్షు మామూలుగా 60 నుంచి 90 నిమిషాలే. చేత్తో పరీక్షించేవాళ్లకు ఇంకోటి: లినక్స్ బేస్64 కమాండు 76 అక్షరాలకో లైన్ విరుస్తుంది, టోకెన్ ముక్కలవుతుంది. మైనస్ డబ్ల్యూ 0 (-w 0) పెట్టండి.

గూగుల్ వైపు ఓఆథ్ యాప్‌ను టెస్టింగ్ దశలోనే వదిలేస్తే రిఫ్రెష్ టోకెన్ (కొత్త టోకెన్లు తెచ్చిపెట్టేది) ఏడు రోజులకే చస్తుంది.

ఓఆథ్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం, సీక్రెట్ ఎప్పుడు చస్తుందో ముందే తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ పోర్టల్‌లో గరిష్ఠంగా 24 నెలలు. ఆ తేదీని క్యాలెండర్‌లో కాదు, మానిటర్‌లోనే ఒక చెక్‌గా పెట్టండి, 30 రోజుల ముందు అరిచేలా.