ఆరేళ్లుగా మా ఇంట్లో సాయంత్రం పెట్టే ఛానల్

మా నాన్న తూర్పు భాగోతంలో, అంటే మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడే వీధి నాటకంలో, మద్దెల వాయించేవాడు. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు మాది. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. 2020 లాక్‌డౌన్‌లో విజయనగరం మా ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. వచ్చిన వారానికే రిమోట్ ఆయన చేతిలోకి వెళ్లింది, ప్రభుత్వ తెలుగు ఛానల్, దూరదర్శన్ దగ్గర ఆగింది. అప్పటి నుంచి మా ఇంట్లో సాయంత్రమైతే అదే. నేను కుట్టుమిషన్ దగ్గర, ఆయన ప్లాస్టిక్ కుర్చీలో. కచేరీలు, హరికథలు, కూచిపూడి, పద్యనాటకాలు, జానపదాలు, రచయితలతో మాటామంతీ, ఈ ఛానల్ కళల పేరుతో వేసేవి దాదాపు అన్నీ చూశాం.

నాకు బాగా నచ్చింది ఒకటే. ఇక్కడ ఏదైనా మొదలుపెడితే చివరిదాకా చూపిస్తారు. మిగతా చోట్ల పాట అంటే మూడు నిమిషాలు. అందులోనే జడ్జీల ముఖాలు, కన్నీళ్లు, చప్పట్లు, మధ్యలో ప్రకటన. ఇక్కడ రాగాలాపన మొదలైతే, మృదంగం వాయించే ఆయన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వింటూ కూర్చోవడం కూడా కనిపిస్తుంది. కీర్తన ఎత్తుకోగానే ఆ చేతులు లేవడం చూడాలి. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళ వాయిద్యాలు మాత్రమే వాయించే భాగం, వేసేటప్పుడు కోత పెట్టరు. నాకు సంగీతం రాదు. అయినా ఆరేళ్లు ఇలా వింటూ వింటూ, ఇది మోహన, ఇది కల్యాణి అని చెప్పగలిగే దాకా వచ్చాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, కోత లేకుండా వినడం వల్లే వచ్చింది.

హరికథ సంగతి వేరేగా చెప్పాలి. గంటసేపు ఒక్క మనిషి, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. ఆ ఒక్కడే పాడాలి, ఆడాలి, పిట్టకథ చెప్పి నవ్వించాలి, మళ్లీ అసలు కథలోకి రావాలి. ఇంత నిడివి ఇచ్చే టీవీ నాకు వేరే కనిపించలేదు. మా విజయనగరం వాళ్లకి హరికథ ఇంటి విద్య లాంటిది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిందీ, ఘంటసాల గారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. నేను బట్టల షాపుకి వెళ్లేటప్పుడు ఆ వీధి మీదుగానే వెళ్తాను. లోపల పిల్లల సాధన వినిపిస్తే కాస్త నెమ్మదిగా నడుస్తాను. ఆ రాత్రి టీవీలో హరికథ వస్తే, పొద్దున విన్న ఆ గొంతుల్లోంచి ఎవరో పెద్దయి వచ్చినట్టు ఉంటుంది.

ఆరేళ్లలో నేను మర్చిపోలేని కార్యక్రమం మాత్రం వీణ తయారీ మీద వచ్చినది. బొబ్బిలి వీణ పేరు అందరికీ తెలుసు కదా, ఆ వీణలు చేసేది పక్కనున్న గొల్లపల్లిలో. పనస దుంగని తొలిచి కుండ (గుండ్రటి భాగం), దండి (పొడుగు మెడ) ఒకే చెక్కలో తీస్తారు. అందుకే ఏకాండి వీణ అంటారు. ఆ కార్యక్రమంలో చాలాసేపు వెనక సంగీతం పెట్టలేదు. ఉలి దెబ్బ చప్పుడు, చెక్క పొట్టు రాలడం, ఎక్కడో కోడి కూత. అంతే. తర్వాత మేళం కట్టడం చూపించారు. మైనం, బొగ్గుపొడి కలిపి ముద్ద చేసి దండి మీద రెండు గట్లుగా పరిచి, దాని మీద 24 మెట్లు ఒక్కొక్కటే కూర్చారు. ఒక మెట్టు పెట్టి, తీగ మీటి, చెవి దగ్గరగా పెట్టి విని, మెట్టుని వెంట్రుక మందం జరిపి, మళ్లీ మీటి. ఇలా ఒక్క స్వరం కోసం ఎన్నిసార్లో. ఎడిటింగ్‌లో ఎవరైనా దాన్ని పది సెకన్లకి కుదించేస్తారు. వీళ్లు కుదించలేదు. నేను సూదిలో దారం ఎక్కించడం ఆపేసి చూశాను. వీణ ధర వినగానే ఎక్కువ అనుకునేదాన్ని, ఆ రోజు నుంచి అనుకోవడం లేదు.

సాహిత్యం కార్యక్రమాలు నాకు అంతగా నచ్చవు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే, వెనక ఎప్పుడూ అదే పూల కుండీ. గురజాడ జయంతికి, అంటే సెప్టెంబరు 21కి, కన్యాశుల్కం మీద మాట్లాడతారు కానీ నాటకం చూపించేది తక్కువ. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది మా విజయనగరంలోనే. దాని గురించి గంట మాట్లాడే బదులు ఒక్క అంకం ఆడించి చూపిస్తే మా వీధిలో ఇంకో నాలుగిళ్లు టీవీ పెడతాయి.

ఇప్పుడు నా అసలు బాధ చెప్తాను. జానపదం దగ్గర ఈ ఛానల్ మనసు మంచిదే, పట్టు మాత్రం తక్కువ.

తప్పెటగుళ్లు వచ్చిన రోజు మా నాన్న ఎదురుచూసి కూర్చున్నాడు. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కళ అది. వానల కోసం గంగమ్మని వేడుకుంటూ యాదవులు ఆడేది. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగు వేస్తూ వలయం తిరుగుతారు. చేతి దెబ్బ, కాలి అడుగు కలిస్తేనే ఆట. టీవీలో అరగంటసేపు ముఖాలూ తప్పెటలే చూపించారు. కెమెరా నడుము కిందకి దిగితే ఒట్టు. నాన్న కుర్చీలో ముందుకి జరిగి, "ఏటమ్మా ఇది, కాళ్లు సూపించడేటి? తప్పెటగుళ్లంటే కాళ్లే గదా!" అన్నాడు. టీవీకి ఇంకా దగ్గరగా జరిగాడు, అక్కడ కనిపిస్తాయేమో అన్నట్టు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

భాగోతం వేసినప్పుడు ఇంకో రకం లోటు. హార్మోనియం, గొంతు బాగా వినిపిస్తాయి, మద్దెల ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టు ఉంటుంది. తూర్పు భాగోతానికి మద్దెలే ప్రాణం. సత్యభామ జడ పట్టుకుని నిలబడి ఉన్నా, ఆమెని ఆడించేది మద్దెల. మైకు ఒకటి దానికి దగ్గరగా పెడితే సరిపోతుంది. పేర్లు కూడా చివర్లో గబగబా పరిగెత్తించేస్తారు. పాడిన వాళ్ల పేరు అందుతుంది, వాయించిన వాళ్ల పేరు, ఊరు అందవు. ఆ పేర్లు చదవడానికే నాన్న కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంటాడు. ఆయనకి తెలిసిన బృందాల వాళ్ల పిల్లలెవరైనా ఉంటారేమో అని.

ఇంకోటి, ఇది చెప్పకుండా ఉండలేను. ఒకసారి జముకుల కథ, అంటే జముకు అనే వాయిద్యం వాయిస్తూ చెప్పే కథ, చెప్పే పెద్దామెని స్టూడియోలో కూర్చోబెట్టారు. యాంకర్ అమ్మాయి చాలా మర్యాదగా, "ఈ కళారూపం యొక్క ప్రాశస్త్యాన్ని వివరిస్తారా?" అని అడిగింది. ఆ పెద్దామె ముఖంలో టెన్షన్. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, బడిలో అప్పజెప్పినట్టు రెండు ముక్కలు పుస్తకం తెలుగులో మాట్లాడి ఆగిపోయింది. తర్వాత జముకు చేతికి ఇచ్చి కథ చెప్పమన్నారు. అంతే, మనిషి మారిపోయింది. "ఏటనుకున్నావురా" అని రాజుని నిలదీసేసరికి స్టూడియో దద్దరిల్లింది. ఆ గొంతుతోనే ముందు కబుర్లు కూడా చెప్పించి ఉంటే ఎంత బాగుండేది! "మీ అమ్మ నేర్పిందా, మొదటిసారి ఏ ఊళ్లో చెప్పావు" అని అడిగితే చాలు కదా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి గారు మా శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన మనిషి. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, ఇదే ఛానల్ తెలుగు భాషా దినోత్సవం అని పండగ చేస్తుంది. ఆ రోజైనా మా యాసని స్టూడియోలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలని నా కోరిక.

మేం చూసినంతలో మా వైపు కళలు ఎక్కువగా సంక్రాంతికి, ఉగాదికి, దసరా వెళ్లాక వచ్చే పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో కనిపిస్తాయి. మిగతా నెలల్లో శాస్త్రీయానికే పెద్ద పీట. వేళలు కూడా నమ్మకం కాదు. కింద స్క్రోలింగ్‌లో ఒక టైం వస్తుంది, ఏదైనా సభ ప్రత్యక్ష ప్రసారం పడితే కచేరీ వెనక్కి పోతుంది, ఎప్పుడు వేస్తారో మళ్లీ చెప్పరు. నాన్న లాంటి వాళ్లు మందులు వేసుకుని నిద్ర ఆపుకుని కూర్చుంటారు, వాళ్ల గురించి ఒక్క లైను స్క్రోల్ చేస్తే చాలు.

కొత్తగా చూడాలనుకునే వాళ్లకి రెండు మాటలు. ప్రభుత్వ ఛానళ్లని కేబుల్‌లో తప్పనిసరిగా ఇవ్వాలని 1995 కేబుల్ చట్టమే చెప్తోంది. కాబట్టి ప్యాక్ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, నంబర్ ఎంతో అడిగి రాసి పెట్టుకోండి. డిష్ ఉన్నవాళ్లకి గట్టి వాన పడితే బొమ్మ ముక్కలవుతుంది, అది ఏ డిష్‌కైనా తప్పదు. తప్పిపోయినవి ఫోన్‌లో యూట్యూబ్‌లో కొన్ని దొరుకుతాయి. కానీ వాటికి పేరు "జానపద కార్యక్రమం" అని మాత్రమే ఉంటుంది. కళ పేరు, ఊరి పేరు లేకపోతే ఎలా వెతుకుతాం? వీణ కార్యక్రమం కోసం నేను ఎన్ని రాత్రులు వెతికానో, ఇప్పటికీ దొరకలేదు.

పోయిన ఏడాది నాన్న చెప్తుంటే నేను ఛానల్‌కి ఉత్తరం రాశాను. ఒక కెమెరా కాళ్లకి పెట్టండి, మద్దెలకి మైకు పెట్టండి, పేర్లు ఆపి చూపించండి. ఇవే మూడు. జవాబు రాలేదు. సంక్రాంతికి మళ్లీ తప్పెటగుళ్లు వేశారు. ఆరుబయట తీసింది. ఎవరి పుణ్యమో, కెమెరా దూరంగా నిలబెట్టి వలయం మొత్తం చూపించారు, తల నుంచి గజ్జెల దాకా. నాన్న కుర్చీ చేతి మీద తాళం వేస్తూ మాట్లాడకుండా చూశాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "రెండో వరసలో ఎర్ర తలపాగావోడు అడుగు తప్పేడమ్మా, సూసేవా?" అన్నాడు.