చిటికెడు ఉప్పు దగ్గర నోరు మెదపని కాటా

అరకిలో పిండి పెడితే అరకిలో అనే చెబుతుంది, దానికి నేను వంక పెట్టను. నా గొడవంతా చిటికెలతో. ఉప్పు, ఈస్ట్, వంట సోడా... రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అయితే చేసిందంతా పాడయ్యే సరుకులు ఇవే. సరిగ్గా వీటి దగ్గరికి వచ్చేసరికి మా వంటింటి డిజిటల్ కాటా మొండికేస్తుంది.

ఐదు కిలోల దాకా తూచి, గ్రాము గ్రాము చూపించే మామూలు రకమే. రంగు, సైజు, డబ్బాలో ఏమొచ్చాయి లాంటివి వదిలేస్తున్నా. కొన్నేళ్లుగా బ్రెడ్డు, బన్నులు ఇంట్లోనే కాలుస్తున్నాం. సరదా కొంత, ఇంటి ఖర్చు ఎక్కువ కారణం. అందుకే ఒక్క బ్రెడ్డు చెడినా మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఆ రోజు అరకిలో పిండికి పది గ్రాముల ఉప్పు పడాలి, నూటికి రెండు పాళ్ల లెక్కన. గిన్నెలో పిండి తూచి, టేర్ నొక్కి సున్నా చేసుకుని, చెంచాతో ఉప్పు కొద్దికొద్దిగా రాలుస్తున్నా. సున్నా. ఇంకాస్త రాల్చా. సున్నా. పిండి మీద తెల్లగా ఉప్పు కనిపిస్తూనే ఉంది, తెర మీద మాత్రం అదే సున్నా. చెంచాను గట్టిగా దులిపాక ఒక్కసారిగా రెండు అని చూపించి, అక్కణ్నుంచి బుద్ధిగా లెక్కపెట్టింది. పది రాగానే ఆపేశా.

ముద్ద కలిపేటప్పుడు తేడా ఏమీ తెలియలేదు. ఎప్పుడూ గంటన్నరకే రెట్టింపయ్యే ముద్ద మూడు గంటలైనా లేవలేదు. ఉప్పు ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది. అప్పటికి అది తట్టక ఈస్ట్ డబ్బా మీద తేదీ వెతుకుతూ కూర్చున్నా. ఎలాగోలా కాల్చి తీస్తే ఇటుకలా వచ్చింది. మా చిన్నది ఒక ముక్క కొరికి, ఏమీ అనకుండా వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. అరకిలో పిండి పారేసే స్థోమత లేదు కదా, ఆ బ్రెడ్డును పల్చగా కోసి, ఓవెన్‌లో మిగిలిన వేడి మీదే ఎండబెట్టి, పొడి కొట్టి సీసాలో పోశాం. చాన్నాళ్ల పాటు వేయించిన బంగాళదుంపల మీద ఉప్పుకు బదులు ఆ పొడే చల్లుకున్నాం. (బాగానే ఉంది, నిజం చెప్పాలంటే.)

పగ కొద్దీ తర్వాత కాటాను కూర్చోబెట్టి పరీక్ష పెట్టా. అదే చెంచా ఉప్పు ఒక్కసారి గుమ్మరిస్తే వెంటనే ఆరు గ్రాములు చూపించింది. అంతే ఉప్పు చిటికెలు చిటికెలుగా రాలిస్తే సగం కూడా చూపించలేదు. విషయం ఏమిటంటే, పళ్లెం కింద ఉండే లోహపు పట్టీ బరువుకు అతి స్వల్పంగా వంగుతుంది, ఆ వంపును విద్యుత్ సంకేతంగా మార్చి అంకె చూపిస్తారు. వేడి మారినా, కాస్త సేపు ఊరికే ఉంచినా ఆ సంకేతం దానంతటదే కొంచెం జరుగుతుంది. ఖాళీ కాటా మీద ఒకటీ రెండూ ఆడుతుంటే మనం ఊరుకోం కాబట్టి, సున్నా దగ్గర నెమ్మదిగా వచ్చే చిన్న మార్పులన్నింటినీ మళ్లీ సున్నాకే సర్దేసే ఏర్పాటు లోపల పెడతారు. మన చిటికెడు ఉప్పు కూడా దాని లెక్కలో అలాంటి మార్పే. మింగేసి కూర్చుంటుంది. కొనేటప్పుడు వచ్చిన కాగితంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. గ్రాము దాకా కచ్చితం అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

విరుగుడు తేలికే. చిటికెలు వేసేముందు టేర్ నొక్కకూడదు. గిన్నె, పిండి కలిపి 812 చూపిస్తుంటే అలాగే ఉంచి, 822 వచ్చేదాకా వేయాలి. సున్నాకు దూరంగా ఉంటే మా కాటా ఈ దొంగలెక్క చేయడం లేదు. లేదా ఉప్పు చిన్న కప్పులో వేసుకుని, కప్పు మొత్తాన్ని ఒకేసారి కాటా మీద పెట్టాలి.

ఈస్ట్ సంగతి వేరు. మూడు గ్రాములు అని చూపిస్తే అది రెండున్నరా కావచ్చు, మూడున్నరా కావచ్చు, అంత పెద్ద తేడా ఈస్ట్‌కు పనికిరాదు. తలగొట్టిన చిన్న చెంచాడు ఇన్‌స్టంట్ ఈస్ట్ సుమారు మూడు గ్రాములు. నేను అదే నమ్ముతున్నా. ఉప్పుకు మాత్రం ఇంకో దారి దొరికింది. ఇరవై గ్రాముల ఉప్పును నూట ఎనభై గ్రాముల నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకుంటే, పది గ్రాముల ఆ నీళ్లలో ఒక గ్రాము ఉప్పు ఉన్నట్టే. చిన్న ముద్దలకు అదే పోస్తా. కలిపే నీళ్లలోంచి ఆ మేరకు తగ్గించాలి, అంతే.

కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ కప్పులూ చెంచాలూ అటకెక్కించేయమని చెప్పా. కప్పుల విషయంలో ఇప్పటికీ అదే మాట. మైదాను చెంచాతో నింపితే కప్పు నూట ఇరవై గ్రాములు, డబ్బాలోంచి కప్పుతోనే తోడితే నూట యాభై దాకా వస్తుంది. మూడు కప్పులకే తొంభై గ్రాముల తేడా. చెంచాలు మాత్రం ఉండనివ్వండి.

బన్నులు చేసేవాళ్లకు ఈ కాటా ఎంత మేలో అంత చెప్పాలి. ముద్దను అరవై గ్రాముల చొప్పున తుంచితే అన్నీ ఒకేసారి కాలతాయి, ఒకటి మాడి ఒకటి పచ్చిగా మిగలడం ఉండదు. పెద్దది ఎవరిదన్న పేచీ కూడా తీరింది. కేకు సగమే చేద్దామనుకుంటే, గుడ్డును గిలకొట్టి ఇరవై అయిదు గ్రాములు తీసుకుంటే సగం గుడ్డు అయినట్టే, మిగతాది రాత్రి ఆమ్లెట్‌లోకి. నూనె దగ్గర మాత్రం మిల్లీలీటర్లను గ్రాములనుకోకండి, నూరు మిల్లీలీటర్ల నూనె తొంభై రెండు గ్రాముల చుట్టూ తూగుతుంది.

రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆరిపోయే జబ్బు కూడా ఉంది దీనికి. పిండి సంచీ విప్పుకొచ్చేలోపు లెక్క గల్లంతు. మధ్యమధ్యలో వేలితో తడుతూ ఉండటమే మేం చేసేది. బ్యాటరీ నీరసపడితే అంకెలు తప్పుతాయి కూడా. అనుమానం వచ్చినప్పుడు కొలత జగ్గుతో అరలీటరు నీళ్లు తూచి చూస్తా, ఐదొందల దరిదాపుల్లో ఉంటే సరే.

వారం వారం ముద్ద కలిపే ఇల్లు మాది, ఏదీ పారేయలేం, అందుకని మాకు దీని ఖరీదు ఎప్పుడో గిట్టింది. పుట్టినరోజుకు మాత్రమే కేకు చేసే ఇంట్లో ఇంత అవసరం పడుతుందని అనుకోను. ఇది పాడైతే బహుశా ఇదే రకం మళ్లీ కొంటా. గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా ఇంకొకటి పక్కన ఉంటే బాగుంటుందని ఉంది కానీ, ఆ డబ్బు చేతికొస్తే ముందు ఓవెన్ తలుపుకు రబ్బరు మార్పించాలి.